ఊరుకుంటే ప్రేమేనా?

"మనకెందుకండీ, తీర్పు దేవుడిది." హిందూపురంలో గానీ, పెనుకొండలో గానీ ఎవరి బోధనైనా ప్రశ్నించి చూడండి, ఈ మాటే ఎదురొస్తుంది. అసలే క్రైస్తవులం కొద్దిమందిమి, మనలో మనకు తగవులెందుకన్నది దాని వెనకున్న భయం. భయపడటం తప్పనను. ఆ భయానికి ప్రేమ అని పేరు పెట్టడమే నాకు మింగుడు పడదు.

ధర్మవరం సంగతే చూద్దాం. మగ్గం మీద బతికే ఇంట్లో పట్టు నూలు ధర పెరిగితే ఆ నెల అప్పే. అలాంటి ఇంటి ఇల్లాలితో బోధకుడు "విత్తనం వెయ్యమ్మా, నూరంతలు కోస్తావు" అంటాడు. ఆమె వడ్డీకి తెచ్చి కవరులో పెట్టి ఇస్తుంది. పంట రాదు. అడిగితే "నీ విశ్వాసం చాల్లేదు" అంటాడు. డబ్బూ పోయె, నేరమూ ఆమె మీదే పడె. ఇది తెలిసీ నోరు మెదపని పెద్దలు ఎవరిని ప్రేమిస్తున్నట్టు? ఆమెనైతే కాదు.

సిద్ధాంతాలు సెమినరీ వాళ్ల గోల అంటారు. కానీ 325లో నీకయలో బిషప్పులు కూడింది ముఖ్యంగా, దేవుని కుమారుడైన క్రీస్తు కూడా సృష్టే అన్న అలెగ్జాండ్రియా పాదిరి అరియస్ బోధను తేల్చడానికి. కుమారుడు కూడా సృష్టే అయితే మనల్ని రక్షించడం ఆయన తరమా అన్నది ఆ బోధను ఎదిరించిన అతనాసియస్ పట్టుదల. దానికోసం ఐదుసార్లు దేశబహిష్కారం అనుభవించాడు. 1947లో వేర్వేరు మిషన్ల సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయినప్పుడు కూడా నీకయ ప్రమాణాన్నీ, అపొస్తలుల ప్రమాణాన్నీ వదల్లేదు. ఐక్యత కోసమే కూడినవాళ్లు ఉంచుకున్నదాన్ని ఐక్యత పేరు చెప్పి పక్కన పెట్టమంటే ఎలా?

అలాగని యూట్యూబులో ఎదుటివాడి ముఖం మీద ఎర్ర గీతలు గీసి "దొంగ బోధకుడు" అని అరిచేవాళ్లను నేను వెనకేసుకు రాను. 1553లో జెనీవాలో, త్రిత్వాన్ని కాదన్న సెర్వేటస్‌ను సజీవంగా తగలబెట్టారు. త్రిత్వం గురించి ఆయన చెప్పింది తప్పే. ఆ మంట ఏ తప్పునూ దిద్దలేదు.

బోధను కాదంటూనే మనిషిని గౌరవించడానికి మనకు దగ్గర్లోనే మేలైన ఉదాహరణ ఉంది. ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘంలో పెరిగినవారు. దర్శనాల్లో, కలల్లో దేవుడు నేటికీ మాట్లాడతాడని గట్టిగా బోధించారు. లూథరన్ పెద్దలకు అది సమ్మతం కాలేదు. 1938లో ఆయన బయటికొచ్చి బైబిలు మిషను స్థాపించారు. సిద్ధాంతం సంఘాలను చీలుస్తుందనడానికి దీన్నే చూపిస్తారు. నాకు కనిపించేది వేరు. కాదనుకున్న బోధను లూథరన్ పేరు కింద దాచిపెట్టలేదు, ఎవరి దారి వారిదని తేటతెల్లమైంది. అయినా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో అయ్యగారి పాటలు అలాగే ఉన్నాయి, లూథరన్లు ఈనాటికీ పాడుకుంటారు. బోధను కాదన్నారు, మనిషిని తుడిచెయ్యలేదు.

యెహోవా సాక్షుల విషయంలోనూ అంతే. కుమారుడి గురించి వారు చెప్పేది నీకయ కొట్టేసిన మాటకు దగ్గరే. గుమ్మంలోకొస్తే కూర్చోబెట్టి ఆ సంగతి చెప్పాలి. కానీ జాతీయ గీతం పాడలేదని కేరళలో వారి పిల్లలు ముగ్గురిని బడి నుంచి తీసేస్తే, 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల పక్షాన నిలిచింది. ఆ తీర్పుకు సంతోషించడానికి మన విశ్వాసంలో ఒక్క అక్షరం కూడా మార్చుకోనక్కర్లేదు.

అపొస్తలుల కార్యాల్లో, అపొల్లో అనే బోధకుడి బోధలో కొరత కనబడ్డప్పుడు అకుల, ప్రిస్కిల్ల అతన్ని సభలో నిలదీయలేదు. ఇంటికి పిలిచి విడమరిచి చెప్పారు. మన పెద్దలూ ముందు ఇద్దరుగా వెళ్లి, విత్తనం వెయ్యమనే బోధకుడితో మాట్లాడాలి. అతని మాటల్ని అతను ఒప్పుకునేలా తిరిగి చెప్పగలగాలి. వినకపోతే వేదిక ఇవ్వకూడదు, ఎందుకివ్వలేదో సంఘానికి పేరు పెట్టి చెప్పాలి. ధర్మవరంలో ఈసారి కూటాలకు పందిరి వెయ్యకముందే, విత్తన కానుక అడుగుతారా లేదా అని ఒక్క ప్రశ్న వేస్తే చాలా ఇళ్లలో అప్పు తప్పుతుంది.