తేనెలో సీసం లెక్క ఎవరు చెబుతారు?

పాకాల దగ్గర మామిడి తోటలో నాకు తేనెటీగల పెట్టెలున్నాయి. కొనడానికి వచ్చేవాళ్లు ముందు గ్లాసుడు నీళ్లడుగుతారు. చుక్క చెదరకుండా అడుక్కి దిగితే అసలు తేనే అని నమ్ముతారు. ఇందులో సీసం ఉందా అని మాత్రం అడగరు. ఆ సంగతి నీళ్ల గ్లాసు చెప్పదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ (సీఎస్ఈ) 13 తేనె బ్రాండ్లలో 10 తప్పాయని ప్రకటించిన ఎన్ఎంఆర్ పరీక్షా చెప్పదు, అది పట్టేది చక్కెర పాకాన్ని. ఆ వారంలోనే ఏలూరులో వందల మంది మూర్ఛలతో ఆస్పత్రి పాలయ్యారు, రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అయినా తేనె దగ్గర మనకు ఆ భయం రాలేదు.

ఈగ రెండు మూడు కిలోమీటర్లు తిరుగుతుంది. పూల మీది దుమ్ము, అది తాగే నీళ్లు, అన్నీ తుట్టెకు చేరతాయి. 2019లో పారిస్‌లో నోత్రదామ్ చర్చి కాలినప్పుడు పొగ వెళ్లిన వైపు తేనెలో సీసం పెరిగింది. తినకూడనంత కాదు గానీ, లెక్క తీసి జనానికి చెప్పారు. మన తిరుపతి దగ్గరి కరకంబాడిలో అమరరాజా బ్యాటరీ ఫ్యాక్టరీని మూసేయమని 2021 ఏప్రిల్‌లో కాలుష్య నియంత్రణ మండలి ఉత్తర్వు ఇచ్చింది, హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపేసింది. రాజకీయం చాలా విన్నాం. చుట్టుపక్కల తుట్టెల తేనె పరీక్షించి అంకెలు బయటపెడితే ఊరికీ మంచిదే, ఫ్యాక్టరీకీ మంచిదే.

తప్పంతా గాలిదీ దుమ్ముదీ కాదు. తేనెకు పులుపు గుణం ఉంది. ఒక వ్యాపారి దగ్గర జింకు పూత డ్రమ్ము మూత తీయించి చూశాను. తేనె తగిలిన మేరకు పూత లేచిపోయి, రేకు నల్లమచ్చలు తేలి ఉంది. ఆ జింకంతా తేనెలోకే దిగింది. పాత టంకం వేసిన డబ్బాలైతే సీసమూ దిగుతుంది. నేను స్టీలు క్యాన్లే వాడతాను.

వసకొమ్ము అరగదీసి తేనెతో పసిబిడ్డకు నాకించే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలు పెట్టకూడదని డాక్టర్లు చెబుతున్నారు. ఆ వయసు దాటిన పిల్లలకైనా సీసం ఇంతవరకు పర్వాలేదనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. యూరప్‌లో కిలో తేనెకు 0.10 మిల్లీగ్రాముల సీసం దాటనివ్వరు.

చిత్తూరులో గిరిజన సహకార సంస్థ తేనె శుద్ధి కేంద్రం ఉంది. అక్కడి నుంచే మొదలుపెట్టాలి. ప్రతి లాటుకూ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ చూసి ఆ అంకె సీసా మీద వేయాలి. 2024లో తిరుమల లడ్డూ నెయ్యి నమూనాలు పరీక్షకు గుజరాత్‌లోని ఆనంద్‌కు పోయాయి. ఐఐటీ, ఐఐఎస్ఈఆర్, వ్యవసాయ కళాశాల ఉన్న తిరుపతిలోనే రైతుకు అందే ధరకు ఈ పరీక్ష జరగాలి. మొదటి నమూనా నా పెట్టెల్లోంచే తీసుకోండి. అంకె ఎంత వచ్చినా సీసా మీద రాసే అమ్ముతాను, యూరప్ హద్దు దాటితే మాత్రం అమ్మను.