గొంతునొప్పియు గుండెజబ్బును

గుండెజబ్బు అనగానే మనలో ననేకుల మనస్సునకు నడివయస్సు దాటిన గృహస్థుడు, బరువైన దేహము, పొగచుట్ట, రక్తపుపోటు, ఇవియే తోచును. బడికి పోవు పిల్లలకు గుండెజబ్బేమిటని యాశ్చర్యపడువారును గలరు. కాని లోకమున కోట్లకొలది జనులను పీడించుచున్న యొక గుండెజబ్బు సరిగా బడి యీడుననే, అనగా 5 మొదలు 15 ఏండ్ల ప్రాయముననే, అంకురించుచున్నది. అది వచ్చు దారి గొంతునొప్పి. దానిని మొదట కనిపెట్టగలవారు తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును, తోడి విద్యార్థులును. కావున దీనిని వైద్యులకే విడిచిపెట్టరాదనియు, ఇది బడికి సంబంధించిన విషయమనియు మా యభిప్రాయము.

ముందుగా మా తప్పు చెప్పుకొని పిదప నితరులకు చెప్పుట న్యాయము. చాల యేండ్ల క్రిందట మేము వేఱొక పాఠశాలలో పని చేయుచుండగా, ఏడవ తరగతిలో ముత్యములవంటి చేవ్రాత గల బాలు డొకడుండెను. ఒక నెలలో నతని వ్రాత వంకరలు పోయెను. చేతిలోని కలము జాఱిపడుచుండెను. ముఖము చిట్లించుచు, భుజము లెగురవేయుచు, కుదురుగా కూర్చుండలేకుండెను. మేము దానిని వెక్కిరింపుగా తలంచి, తరగతి యెదుట మందలించి, ఒక పుటను పదిసార్లు వ్రాయుమని శిక్ష విధించితిమి. బాలుడు ఏడ్చుచు వ్రాసెను. వ్రాసినకొలది చేయి మఱింత వణకెను. మఱునాడు తల్లి వచ్చి, "అయ్యగారూ, వీడు అన్నం ముద్ద కూడా సరిగా నోట్లో పెట్టుకోలేకుండా ఉన్నాడండీ" అని చెప్పినప్పుడు గాని మాకు బుద్ధి రాలేదు. వైద్యుడు పరీక్షించి, ఇది కొరియా యను వ్యాధి యనియు, కొన్ని మాసముల క్రిందట వచ్చిపోయిన గొంతునొప్పియే దీనికి మూలమనియు, గుండె కవాట మొకటి యప్పటికే కొంత చెడినదనియు చెప్పెను. చేతి వణకు కొన్ని మాసములకు కుదిరెను. కవాటపు మచ్చ మాత్రము మానలేదు. ఆంగ్లవైద్యుడు థామస్ సిడెన్‌హామ్ యీ వ్యాధి లక్షణములను 1686 లోనే వర్ణించి యుండెను. మూడువందల యేండ్లకు పైగా వైద్యగ్రంథములలో నున్న సంగతి మా తరగతి గదిలోనికి రాలేదు. ఆ బాలుని శిక్షించిన దినము మాకు నేటికిని గుర్తున్నది.

ఈ జబ్బు నడక యిట్లుండును. స్ట్రెప్టొకాక్కస్ అను సూక్ష్మజీవులలో 'ఏ' వర్గమునకు చేరినవి గొంతులో ప్రవేశించి జ్వరమును, నొప్పిని కలిగించును. దేహము వానిని చంపుటకు ప్రతిరక్షకములను సిద్ధము చేయును. అయితే యా సూక్ష్మజీవి పైపొరలోని యొక మాంసకృత్తు మన గుండెలోని కొన్ని మాంసకృత్తులను పోలియుండును. అందుచేత శత్రువుపై నెత్తిన కత్తి కొందఱు పిల్లలలో ఇంటివారికే తగులును. రెండు మూడు వారములు గడచి, గొంతునొప్పి మాట అందఱును మఱచిన తరువాత, జ్వరమును, కీళ్లవాపును కనబడును. నేడు మోకాలు, ఎల్లుండి చీలమండ, ఆవల మోచేయి, ఇట్లు నొప్పి కీలు మార్చుచు తిరుగును. దీనినే రుమాటిక్ జ్వరమందురు. కీళ్లనొప్పి కొన్ని వారములలో జాడ లేకుండ పోవును. గుండెకు తగిలిన దెబ్బ నిలిచిపోవును.

అందు ముఖ్యముగా చెడునది గుండె యెడమ ప్రక్కనుండు మైట్రల్ కవాటము. బిషప్పులు శిరస్సున ధరించు రెండు మొనల టోపీని పోలియుండుటచేత దానికా పేరు వచ్చినది. ఆరోగ్యవంతులగు పెద్దవారిలో నీ ద్వారము 4 మొదలు 6 చదరపు సెంటిమీటర్ల వైశాల్యము కలిగియుండును. రుమాటిక్ జ్వరము మఱల మఱల వచ్చినచో కవాటపు రెక్కలు మందమై, వాని యంచులు అతుకుకొని, కాలక్రమమున నా ద్వారము 1.5 చదరపు సెంటిమీటర్లకును, అంతకు లోపలికిని కుంచించుకొనిపోవును. నెత్తురు ముందునకు సాగలేక యూపిరితిత్తులలో నిలువజొచ్చును. మెట్లెక్కిన ఆయాసము, పండుకొనిన ఊపిరి సలుపకుండుట మొదలగు బాధలు కలుగును. పదియేండ్ల వయస్సున తగిలిన దెబ్బ యిరువదియైదవ యేట, గృహభారము వహించు కాలమున, బయటపడుట తఱచు.

ఈ కవాటమును గూర్చి వైద్యశాస్త్రజ్ఞులు చేసిన కృషి గొప్పది. 1816 లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు లెన్నెక్ కాగితపుచుట్టను రోగి ఱొమ్మున నానించి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపునకు అదియే మొదలు. 1953 లో స్వీడను దేశమున ఎడ్లర్, హెర్ట్జ్ అనువారు, ఓడలు కట్టుచోట లోహములలోని పగుళ్లను కనిపెట్టు శబ్దతరంగ యంత్రమును తెచ్చి గుండెపై ప్రయోగించిరి. మైట్రల్ కవాటపు జబ్బును శస్త్రచికిత్సకు ముందే సరిగా గుర్తింపవలెనన్నది ఎడ్లర్ కోరిక. నేడు ప్రతి నగరమునను జరుగు ఎకో పరీక్ష యీ విధముగా పుట్టినది.

చికిత్స చరిత్రయు నిట్టిదే. 1925 లో లండనునందు హెన్రీ సౌటర్ అను శస్త్రవైద్యుడు, కొట్టుకొనుచున్న గుండెలో తన వ్రేలు దూర్చి, యొక బాలిక మైట్రల్ కవాటమును విడదీసెను. ఆమె కోలుకొనెను. అయినను తోడి వైద్యు లెవ్వరును మఱియొక రోగిని ఆయనయొద్దకు పంపలేదు! ఆ మార్గము ఇరువది మూడేండ్లు మూతపడియుండి, 1948 లో అమెరికాలో బెయిలీ, హార్కెన్ అనువారి చేతులలో మఱల తెఱవబడినది. 1982 లో జపానుదేశీయుడు కాంజి ఇనొయె ఱొమ్ము కోయకయే తొడయొద్ద రక్తనాళము గుండ బుడగను పంపి, కవాటమును విప్పెను. మన దేశమున తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థయందు వలియత్తాన్ గారును వారి సహచరులును కృత్రిమ కవాటమును తయారుచేయ బూని, మూడు నమూనాలు విఫలమైనను విడువక, నాలుగవదానిని 1990 లో రోగికి అమర్చిరి.

ఈ కార్యములన్నిటిని మేము గౌరవింతుము. కాని వీనికంటె మిన్నయని మేము తలంచునది, పత్రికలలో పెద్ద యక్షరములతో ప్రకటింపబడని యొక చిన్న సత్యము. ఫ్లెమింగ్ 1928 లో కనుగొనిన పెనిసిలిన్‌ను అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రమున నొక సైనిక శిబిరమున గొంతునొప్పి పడిన సైనికులకు ఇచ్చి చూచిరి. ఔషధము పుచ్చుకొనిన వారిలో రుమాటిక్ జ్వరము మిక్కిలి యరుదయ్యెను. ఈ ఫలితములు 1950 లో ప్రకటితములయ్యెను. గొంతునొప్పి మొదలైన తొమ్మిది దినములలోపల ఔషధ మారంభించినను గుండెను కాపాడవచ్చునని నేటి వైద్యులు చెప్పుచున్నారు. ఒకమారు జబ్బు వచ్చినవారికి మూడు లేక నాలుగు వారముల కొకమారు బెంజథైన్ పెనిసిలిన్ సూది వేయించిన, అది మఱల రాకుండ నిలుచును. 2022 లో ప్రకటింపబడిన యుగాండా దేశపు పరిశోధన యింకొక యడుగు ముందునకు వేసినది. బయటికి బాధ తెలియకుండ ఎకో పరీక్షయందు మాత్రమే కవాటదోషము కనబడిన 818 మంది పిల్లలను రెండు భాగములుగా చేసి, ఒక భాగమునకు మాత్రము నెలనెలయు సూది వేసిరి. రెండేండ్లలో సూది లేనివారిలో నూటికి 8.2 మందికి జబ్బు ముదిరెను. సూది వేయించుకొనినవారిలో నూటికి 0.8 మందికే ముదిరెను. ఏడు దశాబ్దములుగా వాడుచున్నను ఈ సూక్ష్మజీవికి పెనిసిలిన్ నేటికిని లొంగని ఔషధము కాలేదు. దీనికి టీకా యింకను రాలేదు గాని, చేతనున్న మందే చాల గొప్పది.

అట్లయిన నీ జబ్బు లోకమున నేల మిగిలియున్నది? ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 5 కోట్ల 50 లక్షలమంది దీనితో బాధపడుచున్నారు. ఏటేట 3 లక్షల 60 వేలమంది మరణించుచున్నారు. సంపన్న దేశములలో పెనిసిలిన్ రాకమునుపే, ఇండ్లు విశాలములై, ఒకే గదిలో పదిమంది పండుకొను దుర్దశ తప్పినకొలది, యిది తగ్గుచు వచ్చినది. ఆస్ట్రేలియావంటి దేశముననే, ఇఱుకిండ్లలో నుండు ఆదివాసులలో ఇది యింకను తీవ్రముగా నున్నది. మన దేశమున డాక్టరు పద్మావతిగారు ఢిల్లీయందు దశాబ్దములపాటు ఈ జబ్బుతో పోరాడి, 2020 లో 103వ యేట కన్నుమూసిరి. 2007 లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆరంభమైన ఆరోగ్యశ్రీవలన పేదలకు ఉచితముగా గుండె శస్త్రచికిత్స జరుగు మార్గ మేర్పడినది. 2013 లో ఆరంభమైన జాతీయ బాలస్వాస్థ్య కార్యక్రమమున, బడిపిల్లలలో వెదకవలసిన జబ్బులలో రుమాటిక్ గుండెజబ్బు కూడ చేర్పబడినది. చట్టమును, మందును, వైద్యుడును ఉన్నారు. లోపము మన యిండ్లలోను, బడులలోను నున్నదని చెప్పుటకు మేము వెనుదీయము.

మోకాలు నొచ్చుచున్నదని పిల్లవాడు చెప్పిన, "ఎదుగు వయస్సు నొప్పులు" అని త్రోసివేయుదుము. కుంటుచు వచ్చిన, డ్రిల్లు తప్పించుకొనుటకని యనుమానింతుము. సూది వేయించుకొనవలసిన దినమున పరీక్ష యున్నచో పరీక్షకే పంపుదుము. ఏడాదికి 13 మొదలు 17 మారులు సూది వేయించుట, అదియు 21వ యేడు నిండువఱకు, కవాటము చెడినవారికి 40వ యేటివఱకును, సామాన్యమైన శ్రమ కాదు. ఆ సూది నొప్పియు నెక్కువ. కొందఱికి అది పడదన్న భయమును గలదు. అట్టి ప్రమాదము మిక్కిలి యరుదైనను, దానిని ఎదుర్కొన సిద్ధముగానున్న వైద్యశాలయందే వేయించుట మేలు. ఈ కష్టములను మేము తేలికచేయము. అయినను నెలకొక నాటి నొప్పిని ఱొమ్ము కోతతో పోల్చి చూడుడని తల్లిదండ్రులను కోరుచున్నాము. కృత్రిమ కవాట మమర్చినవారు నెత్తురు గడ్డకట్టకుండ జీవితాంతము మందు మ్రింగవలసియుండునని మఱవరాదు.

అన్నిటికంటె మమ్ము బాధించునది బాలికల విషయము. గుండెజబ్బున్నదని తెలిసిన పెండ్లి కాదని భయపడి, సూదులు మానిపించి, చీటీలు దాచిపెట్టు తల్లిదండ్రులు గలరు. పెండ్లియైన పిదప గర్భము ధరించినప్పుడు దేహమున నెత్తురు పరిమాణము పెరుగును. ఇఱుకైన కవాట మా భారమును మోయలేదు. అంతవఱకు దాచిన రహస్యము అప్పుడు ప్రసవపు మంచముపై బయటపడును. తల్లికిని, బిడ్డకును ప్రాణాపాయము కలుగును. సంబంధము తప్పునన్న భయమున కూతురినే పోగొట్టుకొనుట యే న్యాయము? వేళకు చికిత్స పొందిన యువతు లనేకులు వైద్యుల సలహాతో సంసారము చేసికొని సుఖముగా నున్నారు. దాచుటవలన నెవ్వరికిని మేలు కలుగదు.

ప్రతి గొంతునొప్పికిని పెనిసిలిన్ ఇమ్మని మే మనుటలేదు. జలుబు, దగ్గు, ముక్కు కారుటతో కూడిన గొంతునొప్పి చాలవఱకు వైరసులవలన కలుగునది. దానికి ఉప్పునీళ్లు పుక్కిలించి విశ్రమించిన చాలును. జ్వరముతో, దగ్గు లేకుండ, మెడలో బిళ్లలు కట్టి, మ్రింగుటకు నొప్పి కలిగినచో, ఆ బాలుని వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. వైద్యుడు పదిదినములు మ్రింగుమన్న మందును, మూడవనాడు నొప్పి తగ్గినదని మానరాదు. తీర్పు వైద్యునిది; వేళకు తీసికొనిపోవుట మనది.

ఉపాధ్యాయులకు ఇదివఱకే పనిభారము హెచ్చుగా నున్నదని కొంద ఱనవచ్చును. అది నిజమే. కాని మేము కోరునది స్వల్పము. సూదులు వేయించుకొను విద్యార్థి తేదీని తరగతి యుపాధ్యాయుడు హాజరు పట్టీ చివర తానొక్కడే యెఱుగునట్లు గుర్తు పెట్టుకొని, ఆ దినమున సెలవీయవలెను. పరీక్ష యున్న వేఱొక దినమున వ్రాయనీయవలెను. చేవ్రాత హఠాత్తుగా చెడిన బాలుని శిక్షించుటకు ముందు వాని యింటికి కబురంపవలెను. వైద్యబృందము బడికి వచ్చిన దినమున ఒక్క పిల్లవాడును తప్పిపోకుండ చూడవలెను.

విద్యార్థులారా! మీ ప్రక్కన కూర్చుండు స్నేహితుడు కుంటినను, వానిచేతినుండి కలము జాఱినను, ఆటలో నందఱికంటె ముందే ఆయాసపడి కూలబడినను నవ్వకుడు. మాకు వచ్చి చెప్పుడు. ఆనాడు మా తరగతిలో నెవ్వరైన నొక బాలుడు లేచి, "అయ్యా, వాడు కావాలని చేయడం లేదండీ" అని యుండినచో, మేము ఆ శిక్ష విధించి యుండము.