ఉమ్మడి కుటుంబపు కారు

పోయిన ఫిబ్రవరిలో ఓ సాయంత్రం మా యూనివర్సిటీ పార్కింగ్‌లో బ్రేకు తొక్కితే, పెడల్ మెత్తగా నేలదాకా దిగిపోయింది. కారు ఆగింది, కానీ నేను ఆపిన చోట కాదు. ఎదురుగా పోగేసి ఉన్న మంచు కుప్ప ఆపింది. దిగి చూస్తే వెనకవైపు కారు కింద బ్రేక్ ఆయిల్ మరక.

మన కాలేజీలోనే మెకానికల్ చదివి, ఇప్పుడు మిషిగన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాను. నా కారు 2004 నాటి మెర్క్యురీ గ్రాండ్ మార్కీ. ఐదు మీటర్లు దాటిన పొడవు, 4.6 లీటర్ల వి8 ఇంజిన్, సోఫాల్లాంటి సీట్లు. ఇక్కడివాళ్ళు దీన్ని తాతల కారు అంటారు. మా రూమ్మేట్లు ఓడ అంటారు. ముచ్చటపడి కొన్నది కాదు, చవగ్గా దొరికిందని కొన్నది.

ఇక్కడ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఏళ్ళ తరబడి ఆ ఉప్పు తిని, వెనక చక్రాలకు వెళ్ళే స్టీలు బ్రేకు గొట్టం తుప్పుపట్టి చిల్లుపడింది. ముందు చక్రాల సర్క్యూట్ వేరు కాబట్టి ఆ మాత్రమైనా వేగం తగ్గింది. ఓ షెడ్డులో అడిగితే, నేను కారు కొన్న ధరలో సగానికి పైగా చెప్పారు. "తుక్కు కింద అమ్మెయ్ రా, వచ్చినకాడికి చాలు" అన్నాడు రూమ్మేట్. వాడి మాటలో తప్పేం లేదు. కానీ మే నెల నుంచి ఇంటర్న్‌షిప్. రోజూ అరవై కిలోమీటర్లు వెళ్ళాలి, ఆ దారిలో బస్సు లేదు. ఇంకో కారు కొనే డబ్బూ లేదు.

ఆ నెలలో నేర్చుకున్నదే ఇవాళ నా అభిప్రాయంగా మీ ముందు పెడుతున్నాను. ఒక యంత్రం ఎన్నేళ్ళు బతుకుతుందో తేల్చేది దాని బలం ఒక్కటే కాదు. దాని భాగాలు ఎన్ని యంత్రాలకు ఉమ్మడిగా పనికొస్తాయన్నది కూడా.

నా కారు బ్రాండే 2011లో మూతపడింది. ఆ లెక్కన ఇది అనాథ. కానీ దీనికి తోబుట్టువులున్నాయి: ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా, లింకన్ టౌన్ కార్. మూడూ ఒకే చట్రం మీద పుట్టినవి. హాలీవుడ్ సినిమాల్లో సైరన్ వేసుకుని తరిమే పోలీసు కారు, న్యూయార్క్ పసుపు టాక్సీ చాలా ఏళ్ళపాటు క్రౌన్ విక్టోరియాలే. 2011 సెప్టెంబరులో కెనడాలోని సెయింట్ థామస్ ప్లాంటులో చివరిది తయారైంది. ఐనా పోలీసులు, టాక్సీలవాళ్ళు అన్ని వేల కార్లు అరగదీశారు కాబట్టి బ్రేక్ ప్యాడ్లు, ఆల్టర్నేటర్, బాల్ జాయింట్ లాంటివి ఇప్పటికీ మామూలు స్పేర్ పార్టుల షాపులోనే దొరుకుతాయి. కిటికీ మోటారు పోయినప్పుడు తుక్కు యార్డుకి వెళ్ళి, ఓ రిటైరైన పోలీసు కారు తలుపులోంచి నేనే విప్పుకొచ్చాను. బిగిస్తే అచ్చంగా సరిపోయింది.

అన్నీ సరిపోతాయని కాదు. 2003లో చట్రం, ముందు సస్పెన్షన్ మార్చారు. 2002 కారు చక్రం చూడ్డానికి అలాగే ఉన్నా నా కారుకి కుదరదు. అందుకే పార్టు కొనేముందు మోడల్ పేరు కన్నా తయారైన ఏడాది ముఖ్యం. ఇక డోర్ రబ్బర్లు, లోపలి ప్లాస్టిక్కు ముక్కలు, లైట్లను నడిపే ఎలక్ట్రానిక్ మాడ్యూల్ లాంటివి దొరకడం గగనం. ఇంజిన్ నిక్షేపంలా ఉండి, ఓ చిన్న సర్క్యూట్ బోర్డు దొరక్క కారు మూలన పడటం ఎంత అన్యాయం! ఈసీఈ మిత్రులు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

బ్రేకు గొట్టం సంగతికొస్తే, అది నా కారు కోసమే చేసింది కాదు. 3/16 అంగుళాల కొలత, ఎన్నో కంపెనీల కార్లలో వాడేదే. ఈసారి తుప్పు పట్టకుండా నికెల్-రాగి మిశ్రమంతో చేసిన గొట్టం ఒక చుట్ట తెచ్చాను. మా వీధిలో కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన తన గ్యారేజీలో చోటిచ్చి, పక్కనే నిలబడ్డారు. గొట్టం చివర మడిచి ఫ్లేర్ చేయాలి. మొదటిది అద్భుతంగా వచ్చింది. తీరా చూస్తే, ముందే తొడగాల్సిన నట్టు బల్ల మీదే ఉంది! పెద్దాయన నవ్వలేదు. "అందరూ ఒకసారి చేస్తారు" అని కోసేసి మళ్ళీ చేయించారు. రెండోది కారింది. మూడోది నిలిచింది. తర్వాత రూమ్మేట్ పెడల్ తొక్కుతుంటే, దూరంగా ఉన్న వెనక కుడి చక్రంతో మొదలుపెట్టి ఒక్కో చక్రం నుంచీ గాలి తీశాం. ఆయన ప్రతి జాయింటూ తడిమి చూశాకే కారు రోడ్డెక్కింది. బ్రేకుల పని తెలిసినవాళ్ళు పక్కన లేకుండా మాత్రం ఎవరూ చేయకండి.

ఇది పాత కార్ల మోజు అనుకోవద్దు. నా ఓడ లీటరుకి ఎనిమిది కిలోమీటర్లు ఇస్తే గొప్ప. పొగ విషయంలో కొత్త కార్లే నయం. చట్రానికే తుప్పు పట్టిన రోజున నేనే దీన్ని తుక్కుకి పంపిస్తాను. కానీ అరచేయంత గొట్టం కోసం రెండు టన్నుల కారుని పారేయడం మాత్రం ఇంజినీరింగ్ కాదు.

ఫస్టియర్ వర్క్‌షాప్‌లో ఇనప ముక్క రాకి రాకి ఫిట్టింగ్ జాబ్ చేశాం గుర్తుందా? మార్కుల కోసం కొలత కుదిర్చాం. ఆ కొలత ఎందుకు కుదరాలో నాకు తుక్కు యార్డులో అర్థమైంది. ఎవరో ఒకరు ఇరవై ఏళ్ళ కిందట కొలత మార్చకుండా ఉంచారు కాబట్టే, ముక్కూమొహం తెలియని కారు మోటారు నా తలుపులో తిరుగుతోంది.

అందుకే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నాదో విన్నపం. ఫైనలియర్ ప్రాజెక్టు అనగానే అందరం కొత్తది కనిపెట్టడానికి పరిగెడతాం. ఈసారి ఒక్క బ్యాచ్ అయినా ల్యాబ్ స్టోర్ రూములో దుమ్ము కొట్టుకుపోతున్న యంత్రాన్ని బయటికి లాగండి. ఏ భాగం పోయింది, అది ఇంకెందులో ఉంది, ఎక్కడ దొరుకుతుంది, దొరక్కపోతే మనం చేయగలమా, రాసిపెట్టండి. దాన్ని నడిపించి చూపించండి. గైడ్ సార్ "ఇందులో కొత్తదనం ఏముంది" అని అడిగితే, "ఇది మళ్ళీ తిరుగుతోంది సార్" అని చెప్పండి.

మేలో ఇంటర్న్‌షిప్ మొదలైంది. ఓడ రోజూ టైముకి చేరుస్తోంది. పాత నట్టు మాత్రం డ్యాష్‌బోర్డు మీద పెట్టుకున్నాను, ముందు తొడగాల్సింది ముందు తొడగాలని గుర్తుండటానికి.