గుడారమా, మంచెనా?

మొన్న సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడు, మనవలిద్దరూ బెంగుళూరు నుంచి వేలూరు వచ్చారు. కారు డిక్కీలో కొత్త గుడారం ఒకటి! ఆఫ్రికాలోని బోట్స్వానా అడవుల్లో కొన్ని కుటుంబాలు జీపు మీదే గుడారం వేసుకుని వారాల తరబడి తిరుగుతాయి. చోబే, మొరెమి అడవుల్లో చాలా విడిది స్థలాలకు కంచె ఉండదు. రాత్రిపూట ఏనుగులు గుడారాల పక్క నుంచే నడిచిపోతాయి. ఆ వీడియోలు చూసి పిల్లలకు అదే ధ్యాస పట్టింది.

"తాతా, మీ గుడియాత్తం పక్కన ఏనుగుల అడవి ఉందన్నావుగా, అక్కడ పడుకుందాం" అని పట్టుబట్టారు.

ఆ మాట అన్నది నేనే. మా కౌండిన్య నది చిత్తూరు జిల్లా కొండల్లో పుట్టి, మోర్దానా ఆనకట్ట దాటి, మా ఊరి మీదుగా పోయి పాలారులో కలుస్తుంది. నా చిన్నతనంలో ఆ కొండల్లో ఏనుగులు లేవు. సుమారు రెండు వందల ఏళ్ళుగా లేవని పెద్దలు చెప్పేవారు. 1980లలో హోసూరు వైపు అడవుల నుంచి మందలు వలస వచ్చాయి. 1990లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాదాపు 358 చదరపు కిలోమీటర్ల మేర కౌండిన్య అభయారణ్యాన్ని ఏర్పాటు చేసింది. అయితే ఏనుగుకు రాష్ట్రాల సరిహద్దు ఏం తెలుస్తుంది? చెరకు, అరటి వాసన తగిలితే మా వైపుకూ దిగుతుంది.

అనుమతి లేకుండా అడవిలో పడుకోవడం నేరమని పిల్లలకు నచ్చజెప్పి, అడవి అంచున నాకు తెలిసిన ఒక తెలుగు రైతు పొలానికి తీసుకెళ్ళాను. బ్యాంకులో పంట రుణం తీసుకున్న పాత ఖాతాదారు ఆయన. గుడారం చూసి నవ్వాడు.

"అది వద్దు సార్. ఏనుగొచ్చినా లోపలున్నోళ్ళకి కనపడదు. మంచె ఎక్కండి."

చింతచెట్టు మీద మంచె. ఆడవాళ్ళను ఇంట్లో పడుకోబెట్టి మేము నలుగురం ఎక్కాం. ఆయన దగ్గర ఒక టార్చి, ఒక రేకు డబ్బా, కాసిని టపాసులు, ఒక కంబళి. రాత్రి రెండు గంటలప్పుడు పక్క పొలంలో టపాసులు పేలాయి, కేకలు వినిపించాయి. ఆయన లేచి నిలబడి, తెల్లవారేదాకా కూర్చోలేదు. మాకు ఏనుగు కనబడనే లేదు.

పొద్దున్నే చిన్న మనవడు అడిగాడు: "తాతా, నువ్వు రోజూ ఇక్కడే క్యాంపింగా?"

"చెరుకు బండెక్కేదాకా రోజూ ఇంతే నాయనా" అన్నాడాయన.

ఆ మాట నాకు గుచ్చుకుంది. బి.కాం. చదివినవాణ్ణి. విత్తనానికి ఇంత, ఎరువుకు ఇంత, కూలికి ఇంత అని లెక్కకట్టి అప్పులిచ్చినవాణ్ణి. మేలుకొన్న రాత్రులకు మా ఫారంలో గడి లేదు. ఒక ఏడు ఏనుగులు పంట తొక్కేస్తే ఆయన కిస్తు కట్టలేకపోయాడు. ఆ నోటీసు మీద సంతకం నాదే. ఆయన ఆ సంగతి ఎత్తలేదు. వేడివేడి రాగి సంగటి పెట్టించాడు.

బోట్స్వానాలో లక్షకు పైగా ఏనుగులున్నాయి. యాత్రికులకు అవి ముచ్చటే గాని, అక్కడి రైతుకూ ఇదే జాగారం. మిరపపొడి, పాత ఇంజన్ ఆయిలు కలిపి పూసిన తాళ్ళు పొలం చుట్టూ కడతారు. కెన్యాలో తేనెపెట్టెలు వేలాడదీసి కంచె కడతారు. తేనెటీగలంటే ఏనుగుకు భయం. మన దేశంలో కొందరు తెగించి కంచెకు కరెంటు పెడుతున్నారు. దానివల్ల ఏనుగులూ చచ్చాయి, మనుషులూ చచ్చారు. మిరపకాయకీ తేనెపెట్టెకీ కొంత ఖర్చయినా, ప్రాణం ఖరీదు కాదు కదా!

బయలుదేరే ముందు, అంతకు నెల క్రితం తొక్కేసిన అరటితోట సంగతి అడిగాను. అటవీశాఖ నుంచి పరిహారం కోసం దరఖాస్తు పెట్టలేదట. "రాసేవాళ్ళెవరు సార్?" అన్నాడు. అక్కడే మంచె కింద కూర్చుని తమిళంలో రాసి ఇచ్చాను. నా ఉద్యోగంలో ఇన్నాళ్ళూ రాసిన కాగితాల్లో అది ఒక్కటీ కాస్త తృప్తినిచ్చింది. మనవలు తమ పెద్ద టార్చి ఆయనకిచ్చారు. గుడారం మాత్రం మడత విప్పకుండానే బెంగుళూరు వెళ్ళిపోయింది.

మీ పిల్లలు కూడా అడవిలో రాత్రి గడపాలని సరదా పడితే, ముందు అడవి అంచున కాపలా కాసేవాళ్ళ దగ్గర ఒక రాత్రి కూర్చోబెట్టండి. ఏనుగు కనబడకపోయినా నష్టం లేదు.