ట్రెడ్‌మిల్ కొనేవారు పోల్చవలసినది బ్రాండు పేర్లను కాదు

పదవీ విరమణ తరువాత నన్ను తరచుగా అడిగే ప్రశ్నలలో ఒకటి: "డాక్టరు గారూ, ఇంట్లోకి ఏ బ్రాండు ట్రెడ్‌మిల్ మంచిది?" పవర్‌మ్యాక్స్, లైఫ్‌లాంగ్, కాకటూ, డెకాథ్లాన్ వారి డొమ్యోస్ అంటూ నాలుగు పేర్లు చదివి, ఒకదానికి నా ఆమోదముద్ర కోరతారు. నేను వేయను. ఒకే కంపెనీ చవక యంత్రాన్నీ, ఖరీదైన యంత్రాన్నీ ఒకే పేరుతో అమ్ముతుంది. వాటి మోటారు వేరు, బెల్టు వేరు, చట్రం వేరు. అటువంటప్పుడు పేర్లను పోల్చి తెలుసుకోగలిగేది ఏమున్నది?

ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించేది 'పీక్ హార్స్ పవర్'. మోటారు కొద్ది క్షణాలు మాత్రమే అందుకోగల గరిష్ఠ శక్తి అది. అరగంట నడకకు కావలసినది నిలకడగా అందే శక్తి. దానిని 'కంటిన్యువస్ హార్స్ పవర్' అంటారు. లెక్క చూడండి. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు. మన ఇళ్లలోని 16 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల వద్ద ఇవ్వగలిగేది సుమారు 3,680 వాట్లు, అనగా 5 హార్స్ పవర్ కంటే కొంచెం తక్కువ. అదే ప్లగ్గుకు తగిలించే యంత్రం మీద '6 హార్స్ పవర్' అని అచ్చువేసి ఉంటే, ఆ అంకె నడిచేవారికి ఉపయోగపడేది కాదు, కొనేవారిని ఆకర్షించేది మాత్రమే.

తెర మీద మెరిసే కేలరీల అంకె కూడా ఇటువంటిదే. మీ బరువు అడగని యంత్రం మీరు ఖర్చు చేసిన శక్తిని ఎలా లెక్కించగలదు? పిడులు పట్టుకొని వాటిపై భారం మోపి నడిస్తే శ్రమ తగ్గుతుంది, అంకె మాత్రం తగ్గదు. ఆ అంకెను నమ్మి మరో రెండు గారెలు తినేవారిని నేను ఎరుగుదును. ఇక నాడి విషయం. రక్తపోటుకు మెటోప్రొలాల్, అటెనొలాల్ వంటి మందులు వాడేవారిలో గుండె వేగం సహజంగా పెరగదు. యంత్రం చూపే 'లక్ష్యం' కోసం వారు వేగం పెంచుకుంటూ పోవడం ప్రమాదకరం. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. మధ్యస్థ శ్రమకు ఈ కొలత చాలు.

ఖరీదైన పేరు భద్రతకు హామీ అనుకోవడం మరొక భ్రమ. అమెరికాలో నాలుగు వేల డాలర్లకు పైబడిన ధరకు అమ్మిన పెలోటన్ 'ట్రెడ్ ప్లస్' యంత్రాలను, ఒక చిన్నారి మరణించిన తరువాత, 2021 మే నెలలో ఆ సంస్థ వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వాటి సంఖ్య సుమారు 1,25,000.

నా మిత్రుడొకరు విశ్రాంత ఉపాధ్యాయుడు. విదేశంలోని కుమారుడు ప్రేమతో పేరున్న యంత్రాన్నే పంపించాడు. బిగించడానికి వచ్చినవాడు బిగించి వెళ్లిపోయాడు. ఎర్రదారంతో ఉన్న భద్రతా తాళాన్ని చొక్కాకు తగిలించుకోవాలని ఎవరూ చెప్పలేదు. యంత్రం వెనుక జానెడు దూరంలో గోడ. ఒకనాడు కాలు జారింది, బెల్టు ఆగలేదు. తుంటి ఎముక విరిగి ఆయన మూడు నెలలు మంచం మీద ఉన్నారు. అక్కడ లోపించినది బ్రాండు కాదు, ఐదు నిమిషాల వివరణ.

నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. కాలిబాటలు లేని ఊళ్లలో, మే నెల ఎండలలో, వీధికుక్కల భయంతో బయటికి వెళ్లలేని వృద్ధులకు, తెల్లవారుజామున ఒంటరిగా నడవలేని స్త్రీలకు ఇది ఉపకరిస్తుంది. అయితే దుకాణంలో అడగవలసిన ప్రశ్నలు వేరు. నిలకడ శక్తి ఎంత? యంత్రం మోయగల బరువు మీ బరువు కంటే కనీసం 20 కిలోలు ఎక్కువగా ఉన్నదా? నడకకు బెల్టు సుమారు 120 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నదా? తాళం లాగగానే ఆగుతున్నదా? అతి తక్కువ వేగంతో బయలుదేరుతున్నదా? చెడిపోతే మీ ఊరికి మెకానిక్కు వస్తాడా? ఇంట్లో ఎర్తింగు ఉన్న ప్లగ్గు ఉన్నదా? వెనుక ఆరడుగుల ఖాళీ ఉన్నదా? పిల్లలున్న ఇంట్లో వాడనప్పుడు తాళం తీసి దాచగలరా?

ఆసుపత్రిలో ట్రెడ్‌మిల్ పరీక్ష చేసేటప్పుడు ఛాతీకి ఈసీజీ తీగలు ఉంటాయి, పక్కన డాక్టరు ఉంటాడు. మీ ఇంట్లో పక్కన ఉండేది టీవీ. నడిచినప్పుడు ఛాతీలో బరువు, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నవారు యంత్రం కంటే ముందు వైద్యుణ్ణి చూడాలి.

వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కండరాల బలానికి వారంలో రెండు రోజులు, 65 ఏళ్లు దాటినవారికి తూలిపోకుండా నిలబడే సాధన మూడు రోజులు కూడా ఉండాలంటున్నది. ఆ చివరి రెండింటినీ ఏ ట్రెడ్‌మిల్లూ పూర్తిగా ఇవ్వలేదు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం అందుకు మంచి ఆరంభం. దానికి ఖర్చు లేదు, బ్రాండూ లేదు.