బెంగుళూరు ముచ్చట్లు: మెజెస్టిక్‌లో మెజెస్టిక్ ఎక్కడ?

అనంతపురం నుంచో, హిందూపురం నుంచో, చిత్తూరు నుంచో మనవాళ్ళెవరైనా మొదటిసారి బెంగుళూరు వస్తే, ముందుగా పట్టుబడే మాట "మెజెస్టిక్". బస్సు మీద ఆ పేరే, కండక్టరు నోట ఆ పేరే. నిజానికి ఆ బస్టాండు పేరు కెంపేగౌడ బస్సు స్టేషను. దాని పక్కన భూమి లోపల కట్టిన మెట్రో స్టేషనుకు నాడప్రభు కెంపేగౌడ అని పేరు పెట్టినారు గాని, చివర మెజెస్టిక్ అనికూడా చేర్చక తప్పలేదు. ఊరు కట్టించిన ప్రభువు పేరు బోర్డు మీద ఉన్నది, జనం నోట మటుకు వేరే పేరు ఉన్నది. ఇంతకూ ఎవరండీ ఈ మెజెస్టిక్ అని అడిగితే, ఎవరూ కాదు, అది ఒక సినిమా హాలు. ఆ హాలు పోయి చాలా కాలమైనది. ఇప్పుడు ఆ పేటలో నిలబడి మెజెస్టిక్ టాకీసు ఏదని అడిగితే, మిమ్మల్నే ఎగాదిగా చూస్తారు.

మినర్వా సర్కిలు సంగతీ ఇంతే. జయనగరంలో ఆటోవానికి నందా టాకీసు అని చెప్పండి, సరిగ్గా తీసుకువెళ్ళి దింపుతాడు. దిగి చూస్తే టాకీసు ఉండదు. (కన్నడంలో చిత్రమందిర అని రాస్తారు, మనం సినిమా హాలు అని రాస్తాము, మాట్లాడేటప్పుడు ఇద్దరమూ టాకీసు అనే అంటాము!)

హాళ్ళన్నీ ఆ పేటలోనే ఎందుకు గుంపుగా చేరినవి? ఒకవైపు రైలు స్టేషను. దాని ఎదుట, నీళ్ళింకిపోయిన ధర్మాంబుధి చెరువులో బస్టాండు. రాత్రి బండి తప్పినవాడు, పొద్దున కోర్టు పని ఉన్నవాడు, సంతకు సరుకు తెచ్చి అమ్ముకున్నవాడు — అందరూ అక్కడే తిరగాలి గదా! లాడ్జీలో గది తీసుకునే స్తోమతు లేనివాడికి సెకండు షో మూడు గంటల ఆశ్రయం. అందుకని కెంపేగౌడ రోడ్డు, గాంధీనగరం, సుబేదార్ ఛత్రం రోడ్డు పొడుగునా సాగర్, హిమాలయ, అలంకార్, త్రిభువన్, సంతోష్, నర్తకి, సప్న, మేనక అంటూ హాలు వెంబడి హాలు లేచినది. వెలుతురుకు మాత్రం ఈ ఊరికి కొదవ లేదు. శివసముద్రం జలపాతం కరెంటుతో 1905లోనే ఇక్కడ వీధి దీపాలు వెలిగినవి.

అది పేట సంగతి. దండు, అనగా కంటోన్మెంటు, వేరే లోకం. 1947 దాకా అది తెల్లవారి ఏలుబడి. 1949లో గాని రెండూ కలిసి ఒక కార్పొరేషను కాలేదు. దండులో సౌత్ పెరేడు (ఇప్పటి మహాత్మాగాంధీ రోడ్డు) మీద 1936లో ప్లాజా వెలిసినది. ఆ చుట్టుపక్కలనే రెక్స్, ఒపేరా హౌసు, బి.ఆర్.వి. ఉండేవి. అక్కడ ఆడేవి ఇంగ్లీషు చిత్రాలు, చూచేవారు దొరలు, సిపాయిలు, దొరల వద్ద పనిచేసేవారు. దొరలు పోయి చాలా ఏళ్ళు గడిచినా, పేట మనిషి దండు హాలుకు వెళ్ళాలంటే ఇస్త్రీ చొక్కా వెదుక్కునేవాడని మా ఆఫీసులో పెద్దలు చెప్పేవారు. మెజెస్టిక్‌కు పంచె ఎగగట్టుకుని పోయినా అడిగే నాథుడు లేడు. అందుచేతనే నాకు ఆ పేటంటే ఇష్టం.

ఇక మన సంఘం వారు గుర్తు పెట్టుకోవలసిన సంగతి ఒకటి మనవి చేస్తాను. కన్నడంలో మొట్టమొదట విడుదలైన టాకీ "సతీ సులోచన". 1934 మార్చి 3వ తేదీన, ఈ ఊళ్ళోనే, సిటీ మార్కెట్టు దగ్గరి పారమౌంట్ హాలులో తెరకెక్కినది. దాని దర్శకుడు ఎవరనుకున్నారు? వై.వి. రావు, అంటే మన నెల్లూరి యరగుడిపాటి వరదరావు గారు. తరువాత అరవంలో "చింతామణి", తెలుగులో "మళ్ళీ పెళ్ళి" తీసినది ఈయనే. నటి లక్ష్మి ఈయన కూతురే. అప్పట్లో బెంగుళూరులో స్టూడియో లేక, ఆ బొమ్మను కొల్హాపురం పోయి తీసుకువచ్చినారు. కన్నడిగుల మొదటి మాటకు తెలుగువాడు దర్శకుడైతే, ఇరవై ఏళ్ళకు, 1954లో, కన్నడంలో "బేడర కన్నప్ప"గా వెలిగిన రాజ్‌కుమార్ గారు ఆ ఏడే తెలుగులో "కాళహస్తి మహాత్మ్యం"లోనూ కన్నప్ప అయినారు. ఆయన నటించిన తెలుగు చిత్రం అదొక్కటే. ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇట్లా ఉండాలి.

ఇంతకన్నా వింత ఇంకొకటి ఉన్నది. 1960 ప్రాంతాల నుంచి కన్నడ సీమలో పరభాషా చిత్రాలను కన్నడంలోకి డబ్బింగు చేయరాదనే ఉద్యమం నడిచినది. చట్టమేమీ లేదు, ఒట్టి కట్టుబాటు. మద్రాసు స్టూడియోల చిత్రాలు డబ్బింగై దిగుమతి అయితే తమ నటులకూ, పనివారికీ కూడు దొరకదని వారి భయం. అది అకారణం కాదు. కాని దాని ఫలితం చూడండి. తెలుగు బొమ్మ బెంగుళూరుకు వస్తే తెలుగులోనే ఆడాలి. మల్లేశ్వరం కన్నడిగుడు, శివాజీనగరం అరవవాడు, అందరూ తెలుగులోనే వినాలి. నా పక్క సీటు గుమాస్తా శుద్ధ కన్నడిగుడు. తెలుగు అక్షరం రాదు, తెలుగు మాట మటుకు నాతో సమానంగా ఆడతాడు. ఎక్కడ నేర్చినావయ్యా అంటే, గాంధీనగరంలో అంటాడు. కన్నడాన్ని కాపాడుకోవడానికి పెట్టుకున్న కట్టుబాటు మన భాషకు ఈ ఊళ్ళో ఉచిత పాఠశాల నడిపినది! 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ కట్టుబాటు చెల్లదని తేల్చినది. 2019లో "సైరా" కన్నడంలోనూ మాట్లాడినది. న్యాయంగా చూస్తే అది సరియైన తీర్పే. ఆ పాఠశాల మాత్రం పలచబడినది.

పాఠశాల అంటే మా అమ్మ సంగతి చెప్పాలి. పెళ్ళయి హిందూపురం పక్క పల్లె నుంచి ఈ ఊరు వచ్చినప్పుడు ఆవిడకు కన్నడం రాదు. ఇంటి ముందు వీధి దాటి ఎరుగదు. నాన్నగారు పొద్దున మిల్లుకు పోతే సాయంత్రం దాకా మాట్లాడే దిక్కు లేదు. పక్కింటి పద్మక్క, ఎదురింటి అత్తయ్య కలిసి మ్యాట్నీకి తీసుకుపోయినారట. ఆడవారికి వేరే టిక్కెట్టు కిటికీ, తోపులాట లేదు. ముందు బెంచీలను ఇక్కడ గాంధీ క్లాసు అంటారు. ఆ టిక్కెట్టు ధర కూరగాయల చిల్లరలో సరిపోయేది. అట్లా తెలుగు బొమ్మ కోసం గడప దాటి, దారిలో బస్సు నంబర్లు, పోస్టర్ల మీది కన్నడ అక్షరాలు (మన అక్షరాలకు అక్కచెల్లెళ్ళేగా) గుర్తుపట్టడం నేర్చుకున్నది. తరువాత ఆసుపత్రికి, రేషను కచేరీకి తనే వెళ్ళేది.

ఇప్పుడు అదే మా అమ్మ సినిమాకు వెళ్ళి ఐదేళ్ళయినది. చివరిసారి మనవడు ఒక మాలుకు తీసుకుపోయినాడు. గుమ్మం దగ్గర చేతిసంచి విప్పించి చక్కిలాల పొట్లం బయట పెట్టించినారు. టిక్కెట్టు మనవడి ఫోనులో ఉన్నది. బొమ్మ బాగానే ఉన్నదట. "ఒక్కదాన్నే రావాలంటే ఎట్లారా?" అని అడిగింది. ఎట్లా రావాలో నేను చెప్పలేకపోయినాను.

హాళ్ళు ఎందుకు పోయినవంటే అందరూ టీవీని తిడతారు. అది సగమే నిజం. ఈ రాష్ట్రంలో చాలా హాళ్ళకు వారపు అద్దె పద్ధతి. బొమ్మ ఆడినా ఆడకపోయినా యజమానికి వచ్చేది అద్దే. గాంధీనగరం నడిబొడ్డున వెయ్యి కుర్చీలు పట్టే స్థలం, దాని చుట్టూ బండ్లు నిలిపే జాగా — ఆ నేల ధర లెక్క వేసినవాడు అద్దెకు ఆశపడి హాలు నడుపుతాడా? 2004లో కోరమంగలలో 11 తెరల మల్టీప్లెక్సు వచ్చింది. అందులో ఒకటి నిండకపోతే ఇంకొకటి నిండుతుంది. పెద్ద హాలుకు ఆ వెసులుబాటు లేదు. న్యూయార్కులో దాదాపు 6,000 మంది పట్టే రాక్సీ అనే మహా భవనం 1927లో లేచి 1960కే కూలిపోయినదంటే, మనవి ఇంకా ఎక్కువ కాలమే నిలిచినవనాలి.

1968లో సుబేదార్ ఛత్రం రోడ్డు మీద వంపు తిరిగిన మహా తెరతో తెరిచిన కపాలి, 1,400 పైచిలుకు కుర్చీలతో, 2017లో మూతపడినది. ఆ స్థలంలో లేచిన కొత్త భవనంలో మల్టీప్లెక్సు నడపడానికి ముందుకు వచ్చినది హైదరాబాదు ఏఎంబీ వారు, అంటే నటుడు మహేష్‌బాబు భాగస్థుడైన సంస్థ! రెక్స్ 2018 డిసెంబరు 31న ఆఖరి ఆట వేసినది. ప్లాజా స్థలం మెట్రోకు పోయినది. ఒపేరా హౌసులో 2018లో శాంసంగు వారు దుకాణం పెట్టినారు. గోడలైనా మిగిలినందుకు సంతోషం. 1974లో తెరిచిన కావేరి, యాభై ఏళ్ళు నిండి 2024లో మూతపడినది.

టిక్కెట్టు 200 రూపాయలు మించరాదని 2025 సెప్టెంబరులో కర్ణాటక ప్రభుత్వం నిబంధన చేసినది. ఆ నెల దాటకుండానే హైకోర్టు స్టే ఇచ్చినది. నా మటుకు నాకు ఆ నిబంధన మంచిదే అనిపించినది. యజమానులకు కష్టమంటారు, ఉండవచ్చు. పెద్ద తెరల వారు పెద్ద ధరే పెట్టుకోనీండి, ప్రతి హాలులోను ముందు రెండు వరుసలు, ఒక టిక్కెట్టు కిటికీ, అందులో ఒక మనిషి మాత్రం ఉండాలని నా వాదన. ఫోను లేని ముసలమ్మ వచ్చి నిలబడితే టిక్కెట్టు చేతికి ఇవ్వగలిగితే చాలును.

మీ పేటలో మూతపడిన హాలు ఏది, అందులో ఏ బొమ్మలు చూచినారు, గాంధీ క్లాసు టిక్కెట్టు అప్పట్లో ఎంత — రెండు ముక్కలు రాసి సంఘం కార్యాలయానికి పంపండి. పాత టిక్కెట్టు ముక్కలు ఎవరి పెట్టెలోనైనా ఉంటే అవి కూడా తెండి, చూచి తిరిగి ఇచ్చివేస్తాను.