భూగర్భజలమునకు చమురు భయము

1995 జనవరి 8వ తేదీన కోనసీమలోని పాశర్లపూడిలో ఓ.ఎన్.జి.సి. వారు త్రవ్వుచున్న బావినుండి వాయువు పైకెగసి మంటలంటుకొన్నవి. ఆ జ్వాల 65 దినములు ఆరక మండినది. గ్రామములు ఖాళీయైనవి, దేశమంతయు ఆ వార్తను చదివినది. కంటికి కనబడు కీడునకు సాక్షులు కొరవడరు. కాని నేలక్రింద బొట్టుబొట్టుగా జారు చమురునకు జ్వాల లేదు, ధ్వని లేదు. గొట్టము తుప్పుపట్టినను, పెట్రోలు బంకులో భూమిలో పాతిన ట్యాంకునకు సన్నని చిల్లి పడినను, యజమాని లెక్కలలో స్వల్పమైన తరుగు మాత్రమే కనబడును. పొరుగువాని నూతిలో వాసన పుట్టునప్పటికి ఏండ్లు గడచియుండవచ్చును.

పిట్టలవానిపాలెము మొదలగు కృష్ణా పశ్చిమ డెల్టా గ్రామముల రైతులకు ఇది పరుల ముచ్చట కాదు. అచ్చట ఏదేని నూయి చెడినదని మేము చెప్పుటలేదు. చెడకముందే చూచుకొనవలెనని చెప్పుచున్నాము. సముద్రము చేరువ. బాపట్ల తీరపు ఇసుక నేలలలో వాననీరు పలుచని పొరగా నిలిచి, దాని క్రింద ఉప్పునీరుండును. ఆ పై పొరనుండియే రైతులు దొరువులు త్రవ్వి, కుండలతో నీరు తోడి, పైరు పెంచుకొనిరి. లోతుగా తోడినచో ఉప్పు పైకి వచ్చును గనుక, అడ్డముగా గొట్టములు పరచి పైనీటిని మాత్రమే తీయు దొరువు పద్ధతిని బాపట్లలోని వ్యవసాయ శాస్త్రజ్ఞులు రూపొందించిరి. పెట్రోలు, డీజిలు నీటికంటె తేలిక. అవి ఇసుకలో దిగి ఆ నీటిమట్టముపైననే తేలును. క్రింద ఉప్పు, పైన చమురు. నడుమ రైతు బ్రతుకు! మరియొక నూయి త్రవ్వుకొందమన్న తావెక్కడ?

వాసన లేదు గనుక భయము లేదనుకొనుట పొరపాటు. పెట్రోలులోని బెంజీన్ అను ద్రవ్యము నీటిలో కరగి దానితోపాటు సాగిపోవును. అది రక్తమున క్యాన్సరు కలిగించునని వైద్యశాస్త్రము నిర్ణయించినది. లీటరు త్రాగునీటిలో అది 10 మైక్రోగ్రాములు, అనగా గ్రాములో లక్షవవంతు, మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పినది. అంత స్వల్పమును ముక్కు పసిగట్టజాలదు.

కావున పరీక్ష శాస్త్రీయముగా సాగవలెను. ట్యాంకులు ఎప్పుడు పాతిరి, నిల్వలలో తరుగెంత అని మొదట విచారింపవలెను. పిదప మట్టిని లోతులవారీగా తీసి చూడవలెను. కనీసము మూడు పరిశీలన బావులు వేసినగాని నీరేవైపు సాగునో తేలదు. నీటిని గాజుసీసాలలో గాలి మిగులకుండ నింపి, మూత బిగించి, చల్లగా ప్రయోగశాలకు చేర్చవలెను. సగము నింపిన సీసాలో బెంజీన్ ఆవిరియై, ఫలితము అబద్ధమగును. కాలువలు పారునప్పుడు నీటిమట్టము లేచును, కట్టివేసినప్పుడు దిగును. కనుక ఆ రెండు కాలములందును పరీక్షింపవలెను.

2025 జూలైలో కేంద్రప్రభుత్వము కలుషిత స్థలముల నిర్వహణకు నియమావళిని ప్రకటించినది. దాని ప్రకారము జిల్లా యంత్రాంగము అనుమానిత స్థలములను ఆరునెలలకొకమారు తెలుపవలెను. శుద్ధి వ్యయము చెరచినవారే భరింపవలెను. నియమము మంచిదే. కాని కచేరీలో కూర్చుండి వ్రాసిన జాబితా ‘ఏమియు లేదు’ అను ఒక్క పంక్తితో ముగియును. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో అట్లు జరుగరాదు. పాత ట్యాంకులు గల ప్రతి తావును, మూతబడిన బంకులతో సహా గుర్తించి, దాపుననున్న నూతుల నీటిని పరీక్షించి, ఫలితములను పంచాయతీ కార్యాలయమున తెలుగులో ప్రకటింపవలెను. 1945 నుండి వ్యవసాయ కళాశాల గల బాపట్లలో శాస్త్రజ్ఞుల తోడ్పాటు దొరకకపోదు.

దీనివలన వ్యాపారము చెడునని బంకు యజమానులు శంకింపవచ్చును. న్యాయవర్తనుడైన వర్తకునికి ఈ పరీక్షయే రక్ష. తనది కాని తప్పు తన నెత్తిన పడకుండ మొదటి నమూనాయే సాక్ష్యమిచ్చును.

భూస్వాములకు ఒక మాట. బంకునకు స్థలము కౌలుకిచ్చునప్పుడు అద్దె ఎంతయని అడిగిన చాలదు. గడువు తీరినపిమ్మట నేల ఏ స్థితిలో తిరిగివచ్చునని కూడ అడుగవలెను. ఇచ్చునప్పుడొకమారు, పుచ్చుకొనునప్పుడొకమారు మట్టిని, నీటిని పరీక్షింపవలెనని పత్రములో వ్రాయించుకొనుడు. అన్యాక్రాంతమైన పొలమును వ్యాజ్యమాడి తెచ్చుకొనవచ్చును. చమురు సోకిన భూజలమును ఏ న్యాయస్థానపు తీర్పును మరల మంచినీరు చేయజాలదు.